తెలివిగల బిడ్డ - పెద్దల ధర్మము

అంగడిలో ఎనిమిదేండ్ల పిల్లవాడు కాగితము ముట్టకుండ, నూటికి రూపాయిన్నర చొప్పున మూడు నెలల పదునాల్గు దినముల వడ్డీని చెప్పివేయును. గుమాస్తా విస్తుపోవును. తండ్రి మురిసిపోవును. మరునాటినుండి వచ్చిన ప్రతి బంధువు నెదుటను ఆ పిల్లవానిని నిలువబెట్టి లెక్కలడుగుట ప్రారంభమగును. బిడ్డ తెలివి ఇంటివారి సొత్తయి కూర్చుండును. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

జ్ఞానము జీవుని స్వగుణమనియు, జ్ఞానావరణీయ కర్మము పలుచబడిన కొలది అది వెలువడుననియు జైనులెరిగినదే. ఒక బిడ్డకు ఆ తెర త్వరగా పలుచబడినచో అందు తండ్రి గొప్ప యేమున్నది? ఎనిమిది మదములలో జ్ఞానమదమొకటి. అది పిల్లవానికంటె ముందుగా తండ్రికే పట్టుచుండును.

సౌరాష్ట్రములోని వవాణియాలో 1867లో జన్మించిన శ్రీమద్ రాజచంద్రుడు 1887లో, పందొమ్మిదవ యేట, బొంబాయిలో శతావధానము చేసి పెద్దలను విస్మయపరచెను. అవధానములెరిగిన తెలుగువారికి అదెంతటి పనియో వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ఆయన కొలదికాలమునకే ఆ ప్రదర్శనలను విడనాడి, రత్నముల వ్యాపారము చేయుచు ఆత్మచింతనలో నిలిచెను. 1891లో ఆయనను కలిసికొన్న గాంధీజీ ఆ జ్ఞాపకశక్తిని స్వయముగ పరీక్షించి చూచెను. కాని తన మనస్సును పట్టినది అది కాదనియు, ఆయన శీలము, ఆత్మదర్శన తృష్ణయే యనియు ఆత్మకథలో తెలిపెను.

ప్రోత్సాహము లేనిచో తెలివి మొద్దుబారదా యని కొందరందురు. నిజమే. కాని ప్రోత్సాహము వేరు, ప్రదర్శన వేరు. పిల్లవాని ప్రశ్నకు జవాబు తోచనపుడు "నాకును తెలియదు నాయనా, ఇద్దరము కనుగొందము" అనుట ప్రోత్సాహము. పదిమందిలో ఆ మాట అనుట తండ్రికి కష్టము. పిల్లవానిచేత లెక్క చెప్పించుట సులభము.

తెలివిగల బిడ్డయు బిడ్డయేయని మరచుట మరియొక పొరపాటు. వడ్డీ కట్టిన నోటితోనే వాడు మిఠాయికై ఏడ్చును. అంత తెలిసినవాడవు, ఇదేమి యని పెద్దలు గద్దింతురు.

అతిముక్తకుమారుడు బాల్యముననే, మరణము తప్పదని తెలియును గాని ఎప్పుడో తెలియదని పలికి తల్లిదండ్రులను నివ్వెరపరచి, దీక్ష గైకొనెను. ఒకనాడు వానకు పారుచున్న నీటికి మట్టితో గట్టు వేసి, తన భిక్షాపాత్రను పడవగా విడిచి ఆడుకొనసాగెను. అది చూచిన వృద్ధమునులు కలవరపడి మహావీరస్వామి కడకు పోయిరి. ఈతడు ఈ భవముననే ముక్తి నొందునని భగవానుడు సెలవిచ్చి, బాలుని నిందింపవలదనియు, విసుగులేక సంరక్షింపుడనియు ఆదేశించెను. ఆ వృద్ధులు నాటినుండి ఆ పసివానికి అన్నపానములు సమకూర్చుచు సేవ చేసిరి.