చూపు పోయిన కుక్కతో షికారు

ముసలితనముచేతనో మధుమేహముచేతనో కన్నులలో శుక్లములు ముదిరి, ఇంటి కుక్కకు చూపు పోవుట కలదు. "పాపము, ఇంక దానికేమి సుఖము?" అని దానిని పంచలో కట్టివేయుట వాడుక. ప్రియులారా, అది దయయేనా?

మనము లోకమును ముఖ్యముగా కంటితో ఎరుగుదుము. కుక్క ముక్కుతో ఎరుగును. మన ముక్కులో వాసన పట్టు కణములు సుమారు 50 లక్షలైతే, దాని ముక్కులో 10 కోట్లకు మించి యున్నవి. సెకనుకు 20 వేల కంపనములు దాటిన ధ్వని మనకు వినబడదు. దానికి 40 వేలు దాటినను వినబడును. కాబట్టి తడిసిన గట్టు, రాత్రి నక్క నడచిన జాడ, చేనిలోని ఎలుక బొరియ దానికింకను మిగిలియే యున్నవి.

గ్రుడ్డివాని దారిలో అడ్డు పెట్టరాదని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. అది మనుష్యులను గూర్చినదైనను, దాని భావము మూగజీవికిని చెల్లును. తాడు వేసి, ఎరిగిన దారినే నడిపింపవలెను. పిట్టగోడలేని బావులకు దూరముగా ఉంచవలెను. ముట్టుకొనకముందు పేరుపెట్టి పిలువవలెను. ఇంటిలో మంచము, కుండలు ఉన్నచోటనే ఉండనియ్యవలెను. అది ఆగి వాసన చూచునప్పుడు తాడు లాగరాదు. దాని షికారు అదే. కన్ను ఎఱ్ఱబడి బాధపెట్టినయెడల పశువైద్యునికి చూపింపవలెను.

కాపలాకు పనికిరానిదానికి ఇంత శ్రమ ఎందుకని కొందరందురు. పనికి కూలి ఇచ్చుట న్యాయము. పని తీరిన వెనుక తోడుండుట ప్రేమ.

చూపు తగ్గిన అవ్వను, తాతను "పడిపోదురు, కదలకుడి" అని మూలను కూర్చుండబెట్టునదియు ఇట్టి జాలియే. మనము కాపాడుచున్నది వారినా, మన తీరికనా? పరీక్షించుకొందము. వారి చేయి పట్టుకొని, వారి నడకకు మన నడక తగ్గించుకొందము.