కంఠస్థము చేసిన ఉత్తరము ఎవరిది?



పదవ తరగతి పరీక్షలు దగ్గర పడగానే మన ఇండ్లలో ఇంగ్లీషు గూర్చిన దిగులు మొదలగును. కర్ణాటకలో చాలా బడులయందు ఇంగ్లీషు బోర్డు లెక్కకు ద్వితీయ భాష. మన పిల్లల నాలుకకు మాత్రము తెలుగు, కన్నడముల తరువాత అది మూడవది. వ్రాతపరీక్షకు 80 మార్కులు, బడిలో వేయునవి 20. భయముచేత పిల్లలు గైడు కొని, అందలి ఉత్తరమును, వ్యాసమును కామాతో సహా బట్టీపట్టుచున్నారు. ఇది చదువా, మోసమా అని కొందరు తల్లిదండ్రులు అడుగుచున్నారు. ప్రశ్న చిన్నది కాదు.

కంఠస్థము చేయుట నీచమైన పని కాదు. సండేస్కూలులో కంఠతవాక్యములు నేర్చియే మనము పెరిగితిమి. చదువురాని మన అవ్వలు ఎన్నో కీర్తనలు నోటికి పాడెడివారు. ఆ ప్రశ్నాపత్రములోనే పద్యపాదములను జ్ఞాపకమునుండి వ్రాయుమను ప్రశ్న కలదు. షేక్‌స్పియర్ నాటకములోని, కనికరమును గూర్చిన మాటలను పిల్లవాడు అక్కడ వ్రాసినయెడల, అవి తనవని చెప్పుట లేదు. అందులో దాపరికము లేదు.

అదే పత్రములో ఉత్తరము వ్రాయుమని మరియొక ప్రశ్న. అక్కడ అడుగునది జ్ఞాపకశక్తి కాదు, నీ అంతట నీవు ఏమి చెప్పగలవని. దానికి గైడువాని ఉత్తరము దించినయెడల, మనకు లేని శక్తి ఉన్నదని మనలను గూర్చి మనమే సాక్ష్యము చెప్పినట్లగును. చీటీలు పెట్టి వ్రాయుటతో దీనిని సమానము చేయము. కాని నిజమునకు ఇది కొంత దూరమే.

"కూలి చేసి ఫీజు కట్టిన తండ్రికి ఈ సూక్ష్మములెందుకు? పోయిన మార్కులు ఎవరిచ్చెదరు?" అందురు. న్యాయమైన మాటే. ఇంటిలో ఇంగ్లీషు ఉన్నవానికి నిజాయితీ సులభము, లేనివానికి భారము. గనుక పిల్లవానిని నిందింపము. అయితే నష్టము ఎవరికో చూడుడి. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన తరువాత, అక్కడివారు అనేకులు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు పోవుచున్నారు. అక్కడ దుకాణములో గాని, ఆఫీసులో గాని ఎవరును గైడులోని ఉత్తరము అడుగరు. గైడులో లేని ప్రశ్నయే అడుగుదురు. బడిలో తప్ప మరెక్కడను ఇంగ్లీషు దొరకని బీదపిల్లవాడే అప్పుడు ఎక్కువ నష్టపోవును.

మరి ఏమి చేయవలెను? ఉత్తరములో చిరునామా, తేదీ, సంబోధన, ముగింపు ఎక్కడ ఉండవలెనో కంఠస్థము చేయనీయుడి. అది అందరి సొత్తు. గైడులోని ఉత్తరమును రెండుసార్లు చదివి, పుస్తకము మూసి, సొంతముగా ఎనిమిది వాక్యములు వ్రాయమనుడి. పాత ప్రశ్నాపత్రములను గడియారము ముందు పెట్టుకొని వ్రాయమనుడి. ఇంగ్లీషు రాని తల్లి కూడ ఒక సహాయము చేయవచ్చును: "ఏమి వ్రాసితివో తెలుగులో చెప్పు నాయనా" అని అడుగవలెను. తడబడక చెప్పగలిగితే ఆ ఉత్తరము వానిదే. తప్పులు దిద్దుటకు మన సంఘములలోని కాలేజీ యౌవనస్థులు వారమునకు రెండు సాయంకాలములు ఇయ్యలేరా? కర్ణాటకలో 2024 నుండి ఏటా ఒకటికి మించి పరీక్షలు జరుగుచున్నవి గనుక, మార్కులు తగ్గినవారికి మరల వ్రాయు వీలును కలదు.

మార్కుల పట్టీమీద ఆ మార్కులు ఏలాగు వచ్చెనో వ్రాయబడదు. అది పిల్లవానికి మాత్రమే తెలియును. కావున పెద్దలకు మా మనవి ఒకటి. రెండు మార్కులు తగ్గినను తన సొంత మాటలతో వ్రాసి వచ్చిన బిడ్డను, పక్కింటి పిల్లతో పోల్చి చిన్నబుచ్చకుందుము.