యజమాని లేని ఇంటి వాకిలి

వేసవి సెలవులు వచ్చినవనగానే మన మదనపల్లె, పుంగనూరు వీధులలో ఇండ్లకు తాళములు పడుట మొదలగును. కొందరు శ్రీశైల మల్లికార్జునుని దర్శనమునకు, కొందరు కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమమునకు, మరికొందరు దూరముననున్న బిడ్డల యొద్దకు బయలుదేరుదురు. కుప్పములో తాళము వేసవి కొరకు వేచియుండదు. రైలెక్కిన బెంగళూరు చేరువయే గనుక, బ్రతుకుతెరువునకై అక్కడ కాపురముండి, పండుగకో పెండ్లికో వచ్చి సొంత ఇంటి తలుపు తీయువారు అచ్చట కలరు.

పోవు చోటు ఏదైనను, పోవుటకు ముందు జరుగు పని ఒక్కటే. అటక మీది బూజు దులుపుదురు. వంటింటి గట్టు కడుగుదురు. పప్పు డబ్బాల మూతలు బిగించి, మిగిలిన కూరగాయలు పొరుగింటికిచ్చి, చివరకు వెనుకకు అడుగులు వేయుచు నేల తుడిచి గడప దాటుదురు. ఆలోచించినచో ఇందులో ఒక వింత కలదు. మనము నివసించు దినములలో చూపని శ్రద్ధను, ఎవరును నివసింపబోని దినములకై ఇంటిపై చూపుచున్నాము. ఇది ఎవరి కొరకు?

దేవుని కొరకని అందుమా? విగ్రహములను ఇంట నిలిపి పూజించువారు అట్లనవచ్చును. దీపము పెట్టుటకు ఎవరినైనను నియమించియు పోవచ్చును. మనకు ఆ సమాధానము చెల్లదు. ఇష్టలింగము మన దేహముపై నుండి మనతోనే బండి ఎక్కును. తాళము వేసిన గదిలో మనకై వేచియుండు దేవుడు లేడు.

మా అవ్వ వేరొక కారణము చెప్పెడిది. మనిషి ప్రయాణమై పోయిన వెంటనే ఇల్లు ఊడ్వరాదు, ఊడ్చిన పోయినవాడు తిరిగి రాడు. కావున పోకముందే ఊడ్వవలెనని. శవము లేచిన పిదప ఇల్లు ఊడ్చి కడుగు ఆచారమును తలచుకొని పుట్టిన భయమిది. ఆమెను నేను పరిహసింపను. పొలిమేర దాటిన కొడుకు తిరిగి వచ్చునో రాడో తెలియని కాలమున ఆమె బ్రతికినది. అయినను శకునములను, ముహూర్తములను లెక్కసేయని బసవేశ్వరుని అనుయాయులమని చెప్పుకొను మనము ఈ భయము వద్దనే ఆగిపోరాదు.

కంటికి కనుపించు కారణము ఒకటున్నది. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ, మనము మంచినీరని తలచు తొట్టిలోను, పూలకుండీ క్రింది పళ్లెములోను గుడ్లు పెట్టును. వెచ్చని దినములలో గుడ్డు దోమగా మారుటకు వారము పది దినములు చాలును. నీరు పారబోసినంత మాత్రమున తీరదు. గుడ్లు తొట్టి గోడకు అంటుకొని, నెలల తరబడి ఎండినను చావక, మరల నీరు తగిలినప్పుడు పొదుగును. అందుచే తొట్టిని పీచుతో రుద్ది కడిగి ఎండబెట్టవలెను. మనము సంగమమున స్నానము చేయుచుండగా, మన తొట్టిలో పుట్టిన దోమ ప్రక్కింటి పసిబిడ్డను కుట్టినచో ఆ యాత్రాఫలమును ఏమందుము?

కావున ప్రయాణమునకు ముందు చేయు శుభ్రత మన సుఖము కొరకు కాదు. మనము లేనప్పుడు మన వలన ఇతరులకు కీడు కలుగకుండుటకు. తిరిగి రాలేకపోవు అవకాశము గూడ ఉన్నది గదా. అప్పుడు తలుపు తీయువారికి మన మురికిని వారసత్వముగా విడువరాదు. దాసోహమన్న మాటకు అతిథికి అన్నము పెట్టుట ఒక్కటే అర్థము కాదనుకొందును. పుంగనూరు ఆవు ఎంత పొట్టిదైనను తాళము వేసిన ఇంటిలో విడిచిపోలేము. దానిని పొరుగువారి కొట్టమున కట్టి, మేతకు ఏర్పాటు చేసియే గృహస్థుడు కదలును. నోరులేని ప్రాణిని గూర్చి ఇంత ఆలోచించు మనము, నోరున్నవారిని కొన్నిసార్లు మరతుము. ఆ మాటకు తరువాత వచ్చెదను.

బసవేశ్వరుని వచనములలో ఇంటినే ఉపమానముగా గొన్నది ఒకటి కలదు. గడప వద్ద గడ్డి మొలిచి, లోపల దుమ్ము పేరుకొన్న ఇంటిని చూచి, దాని యజమాని ఇందున్నాడా లేడా అని ఆయన సందేహించును. దేహమున అసత్యము, మనస్సున విషయవాంఛ నిండినప్పుడు లోపలి యజమాని లేనట్లేయని తాత్పర్యము. దీనిని మఠములలో పలుమార్లు వినియున్నాము. దుమ్మున్నచో యజమాని లేడు, సరి. మరి దుమ్ము లేనంత మాత్రమున యజమాని ఉన్నట్లేనా? అద్దమువలె తుడిచి తాళము వేసిన ఇంటిలో కూడ అతడు లేడు గదా! ఈ ప్రశ్న నన్ను చాలకాలము తొలిచినది. ఆ శుభ్రత ఎవరి చేతులతో, ఏ మనస్సుతో జరిగినదో కూడ చూడవలసియున్నది.

మా ఇంట జరిగినది చెప్పెదను. రెండేండ్ల క్రిందట వేసవిలో కూడలసంగమము, బసవకల్యాణము చూచి, అటుపై మా అమ్మాయి యొద్ద కొన్నాళ్లుండి రావలెనని ఇరువది దినములకు బయలుదేరితిమి. అంతకు ముందు రెండు దినములు మా గృహిణియు, మా ఇంట పనిచేయు ఆమెయు కలిసి ఇల్లంతయు కడిగిరి. నేను సంచుల తాళములు వెదకుచుంటిని. ఇండ్లలో పురుషుల పని సాధారణముగా ఇదియే. రాత్రి బండి ఎక్కగానే మా గృహిణి నిద్రలో మునిగి తెల్లవారు వరకు కదలలేదు. అలసట ఆమెది; ‘ఇల్లు శుభ్రము చేసి వచ్చితిమి’ అని అందరితో చెప్పుకొన్న మాట నాది.

బయలుదేరు దినమున పనియామెకు నెల జీతము లెక్కకట్టి, మేముండని ఇరువది దినములు తగ్గించి ఇచ్చితిని. ఆమె ఏమియు అనలేదు. మా గృహిణి మాత్రము, ‘మనము లేని దినములలో ఆమెకు ఆకలి కూడ సెలవు పుచ్చుకొనునా?’ అని అడిగెను. పని లేనప్పుడు జీతమేమిటని వాదించితిని. సిగ్గుతో చెప్పుచున్నాను, శరణుల కాయక సిద్ధాంతమును కూడ నా పక్షమునకు లాగుకొంటిని. అంతవరకు ఆమె యొద్దనుండిన పెరటి తలుపు తాళపుచెవిని గూడ అడిగి పుచ్చుకొంటిని.

తిరుగు ప్రయాణమున సత్యక్క జ్ఞాపకము వచ్చెను. 12వ శతాబ్దపు ఆ శరణి కాయకము శివభక్తుల ముంగిళ్లు ఊడ్చుట. దారిలో బంగారము పడియున్నను, వస్త్రము పడియున్నను చేత ముట్టనని ఆమె తన వచనమున ఒట్టు పెట్టుకొన్నది. ఊడ్చు చేతి ముందు ఎప్పుడును ఇతరుల సొమ్ము పడియుండును. లోకము ఎప్పుడును ఆ చేతినే అనుమానించును. అట్టి ఒట్టు ఆమె ఎందుకు పెట్టవలసివచ్చినదో, తాళపుచెవి తిరిగి పుచ్చుకొన్న నాకు అప్పుడు కొంత తెలిసినది.

ఇల్లు చేరుసరికి ఉదయమైనది. ఇరువది దినముల గాలికి, ఎండుటాకులకు వాకిలి ఎట్లుండునో ఊహించుకొని వచ్చితిని. వాకిట కసువు లేదు. కల్లాపి చల్లి ముగ్గు వేసియున్నది. తలుపు తీసి చూడగా, మేము తుడిచి తాళము పెట్టిన నేలపై కిటికీల సందులనుండి చేరిన ఎర్రదుమ్ము పలుచగా పరచుకొనియున్నది.

ఆమె వచ్చినప్పుడు అడిగితిని. “వాకిట్లో కసువుంటే ఇంట్లో ఎవురూ లేరని దొంగలకు తెలిసిపోదా అయ్యా? పక్కింటికి పనికి రోజూ వస్తానే ఉండా గదా” అనెను.

ఇరువది దినముల జీతము అప్పుడిచ్చితిని. ఆమె లెక్క చూడక కొంగున ముడివేసికొని, పొరక అందుకొని లోపలికి పోయెను. పెరటి తాళపుచెవిని ఆ సాయంకాలము మా గృహిణి ఆమె చేతికిచ్చెను. అది నేను ఇచ్చియుండవలసినది.