ముఖము - స్వభావము

మనుష్యుని విలువను పుట్టుకనుబట్టి ఎంచవలెనా, పైకి కనబడు రూపమునుబట్టి ఎంచవలెనా అన్నది మన దేశమునకు క్రొత్త ప్రశ్న కాదు. ఈ రెండు కొలతలును ఎంతవరకు నమ్మదగినవో ఆకాశమున ఒకచోట పరీక్షింపవచ్చును.

1714లో ఎడ్మండ్ హేలీ హెర్క్యులిస్ మండలమున ఒక మసకవెలుగును గుర్తించెను. లక్షలకొలది తారలు బంతివలె కూడిన ఆ గుచ్ఛమునకు నేడు ఎమ్‌13 అని పేరు. అందలి తారలు 1,100 కోట్ల యేండ్లకు పూర్వము దాదాపు ఒకే కాలమున జనించినవి. సూర్యునిలోని ఇనుములో సుమారు ముప్పదవ వంతు మాత్రమే వానికి పుట్టుకతో దక్కినది.

అయినను, గర్భమున హీలియమును మండించుకొనుచున్న అచటి వృద్ధతారలు ఒక్క తీరుగ లేవు. కొన్ని సెకనుకు 40 కిలోమీటర్ల వేగముతో తిరుగుచున్నవి; సూర్యుని వేగము 2 కిలోమీటర్లే. ఉపరితలమున 11,500 డిగ్రీలను మించి వేడిగనున్నవి మాత్రము నెమ్మదిగ తిరుగును. 1999లో హవాయి ద్వీపమునందలి కెక్ దూరదర్శిని మరియొక వింతను తెలిపెను. ఈ నెమ్మది తారల ముఖమున ఇనుము సూర్యునితో సమానముగను, కొన్నింట అంతకు మించియు నున్నది, హీలియము కొరవడినది.

పేదయింటి బిడ్డ మెడలో ఇంత బంగారమెచటిది? అది ఆర్జించినది కాదు. కలయిక నిలిచిన పై పొరలో కాంతియొక్క ఒత్తిడి ఇనుమును పైకి తేల్చును. హీలియము తన బరువుచే క్రుంగును. కలయిక సాగుచున్న తారలలో ఈ వేర్పాటు జరుగదు. వాని ముఖమున పుట్టుకనాటి పాళ్ళే నిలుచును.

కావున ఒకే పుట్టుక ఒకే నడత నీయలేదు. ముఖమున తేలినది లోని సంపదయు కాదు. వర్ణపటమునందలి గీత గాఢమైనంతమాత్రమున పదార్థము అధికమని తలపరాదనియు, వేడిని లెక్కింపవలెననియు 1920లో మేఘనాథ సాహా సూత్రము నేర్పెను. వేడిని లెక్కించిన పిదపను తెలియునది పై పొరయే యని ఈ తారలు నేర్పుచున్నవి.

నిశ్చలత్వమును పెద్దలు జ్ఞానలక్షణముగ కొనియాడిరి. ఇచట నిశ్చలత్వమే భ్రమకు మూలమైనది. సంఘమునందును కలయిక నిలిచినచోట కొందరు పైకి తేలుదురు, కొందరు అడుగున పడుదురు. చూచువాడు పైవారినే సంఘమని యెంచును. అయితే తారకు ఎన్నిక లేదు, మనుష్యునికి గలదు. అతడు తన సంఘమును మరల కలియబెట్టుకొనగలడు. అంతవరకు తీర్పరి తన్నుతాను అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: తాను చూచినది లోతునా, తేలిన పొరనా?