పాత యంత్రములోని పరుల నిక్షేపము

ఒకరు నమ్మి మరియొకరికడ దాచుకొనిన వస్తువునకు నిక్షేపమని పేరు. మనుస్మృతి అష్టమాధ్యాయమునందలి పదునెనిమిది వ్యవహారపదములలో ఇది యొకటి. తనది కానిదానిని అమ్ముట, అనగా అస్వామివిక్రయము, దాని వెంటనే చెప్పబడినది. ఈ రెండును నేటి గృహస్థునకు క్రొత్త రూపమున ఎదురగుచున్నవి.

పాత సెల్‌ఫోనును అమ్మువాడు తన సొత్తునే అమ్ముచున్నానని తలచును. కాని అందులో బంధువుల నంబర్లు, మిత్రుడు చెప్పుకొనిన కష్టము, కుమార్తె ఛాయాచిత్రములు, తండ్రిగారి వైద్యపరీక్షల వివరములు ఉండును. ఫోను అతనిది, అవి వారు నమ్మి ఉంచినవి. వానిని తుడువక అమ్మినచో రెండు దోషములును అతనిని అంటును.

"చెరిపివేసితిమి గదా!" అని కొందరందురు. కంప్యూటరు డిస్కులో ఫైలును చెరుపుట సాధారణముగా విషయసూచికలో పేరు కొట్టివేయుట వంటిది. పుటలు అట్లే నిలిచియుండును. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనయందు అమెరికా దేశపు విద్యార్థు లిద్దరు 158 పాత డిస్కులను కొని పరీక్షించిరి. పనిచేసిన 129లో సరిగా శుద్ధి చేయబడినవి 12 మాత్రమే! అమ్మినవారందరును ద్రోహులు కారు, అజాగ్రత్తపరులు. అయినను హాని పొందినవానికి ఆ భేదముతో పనియేమి? ఫోను అమ్ముటకు ముందు 'ఫ్యాక్టరీ రీసెట్' చేయుట, మెమరీ కార్డును తీసికొనుట కష్టకార్యములు కావు. తెలియనివారు తెలిసినవారి నడుగవచ్చును. అడిగి తెలిసికొనదగినచోట అజ్ఞానము సాకు కాజాలదు.

మరి కొన్నవాని ధర్మమేమి? అతడు కొన్నది యంత్రమును. పరుల గుట్టును కాదు. ఋష్యమూకముపై సీతమ్మవారు జారవిడిచిన నగల మూటను సుగ్రీవుడు తన సొత్తు చేసికొనలేదు. గుహలో భద్రపరచి శ్రీరామచంద్రునకు అప్పగించెను. ఆ నగలలో లక్ష్మణస్వామి, నిత్యము పాదాభివందనము చేయుటచే, నూపురములను మాత్రమే గుర్తించెనని ప్రసిద్ధి. దగ్గరనున్నను చూడదగినంతనే చూచిన చూపు అది!

"ఎవరికిని చెప్పక, ఊరక చూచిన దోషమేమి?" అని అడుగవచ్చును. నగను తిరిగి ఈయవచ్చును. చూచిన రహస్యమును తిరిగి ఈయలేము. కావున తెరచి చూడకుండుటయే ధర్మము. స్వంతదారు తెలిసినచో అతనికి తెలుపవలెను, తెలియనిచో తుడిచివేయవలెను.

తన ఆత్మయే శ్రీహరి సొత్తని విశ్వసించు శ్రీవైష్ణవునకు, పరుల సొత్తును పరులదిగా ఎంచుట తొలిపాఠము. ఎవరును చూడనిచోట సైతము అంతర్యామి సాక్షిగా ఉన్నాడు గదా!