చింతగింజల గోలెం

ఒక పట్నంలో బళ్ళు పెరిగి వీధులు ఇరుకైపోయాయి. తెల్లారకముందే బయల్దేరిన కూరగాయల బండి సంతకు చేరేసరికి ఆకుకూరలు వాడిపోయేవి. ఆ ఊరి వడ్రంగి ఒకడు ఎగిరే పల్లకి చేసి రాజుకు చూపించాడు. నలుగురు కూర్చోవచ్చు, మేడ మీంచి మేడ మీదికి వాలుతుంది. రాజు దండోరా వేయించాడు: ఇలాంటి పల్లకి కావాలనుకునేవాళ్ళు కోటగుమ్మం దగ్గరి గోలెంలో తలా ఒక చింతగింజ వేయండి! పొద్దుగూకేసరికి గోలెం నిండింది. నూరు పల్లకీలకు కలప కొట్టమన్నాడు రాజు.

గుమ్మం ముందు ఊడుస్తున్న ముసలమ్మ చీపురు పక్కన పెట్టింది. "దొరా, గింజలేసినవాళ్ళనే ఇంకో మాట అడిగించండి. ఆ పల్లకి వాళ్ళ ఇంటి మీదుగా, పిల్లలాడుకునే వాకిలి మీదుగా పోతే సమ్మతమేనా అని."

రాజు ఆ మాట తీసిపారేయలేదు. గోలెం ఖాళీ చేయించి మళ్ళీ దండోరా వేయించాడు. ఈసారి పిడికెడు గింజలు కూడా పడలేదు. మరి మొదటిరోజు ఎందుకు వేశారని తానే నిలబడి ఒక్కొక్కరినీ అడిగాడు. సంత వేళకు చేరాలన్నాడు కూరగాయలవాడు. నొప్పులు పడుతున్న ఇంటికి ఆలస్యంగా పోతున్నానంది మంత్రసాని. ఎగరాలని ఉందన్నది చిన్నపిల్లలు మాత్రమే. అదీ ముచ్చటైన కోరికే.

రాజు సంతదారి వెడల్పు చేయించి, ఏటికి రెండో వంతెన కట్టించాడు. పల్లకి ఒక్కటే ఉంచాడు. ఏరు పొంగిన రోజున అది మంత్రసానిని ఎక్కించుకుని, ఇళ్ళు లేని ఏటి మీదుగానే పోయేది.

నీతి: గిరాకీ లెక్కలో పైన ఎక్కేవాళ్ళతో పాటు కింద నడిచేవాళ్ళూ ఉండాలి.

ఇది కథలోని మాటే కాదు. న్యూయార్క్‌లో ఒకప్పుడు 59 అంతస్తుల పాన్‌యామ్ భవనం పైనుంచి విమానాశ్రయానికి హెలికాప్టర్లు నడిచేవి. 1977 మే 16న ఆ కప్పు మీద ఆగి ఉన్న హెలికాప్టర్ చక్రాల కాలు విరిగి ఒరిగింది. తిరుగుతున్న రెక్కలు తగిలి పైన నలుగురు చనిపోయారు. విరిగిన రెక్క ముక్క కింద వీధిలో పడి, నడిచి వెళ్తున్న ఒక స్త్రీ ప్రాణం తీసింది. ఆ కప్పు మీంచి రాకపోకలు అంతటితో ఆగిపోయాయి. ఎక్కనివాళ్ళ మీద కూడా ఎంత బరువు పడుతుందో ఆమె మరణం చెబుతుంది.

ఆకాశమార్గం తప్పని నేననను. బొలీవియాలోని లా పాస్‌లో 2014 నుంచి తీగల మీద నడిచే పెట్టెలు, కొండ మీది ఎల్ ఆల్టో జనాన్ని కింది నగరానికి దింపుతున్నాయి. పెట్టెకు పదిమంది, ఒకదాని వెనుక ఒకటి, కూలివాళ్ళు కూడా కొనుక్కోగల టికెట్టుతో.

ఎగిరే టాక్సీలు మన నగరాలకూ వస్తాయంటున్నారు. ప్రాణం మీదికి వచ్చిన రోగి కోసమైతే తప్పక రావాలి. అయితే 'ఎక్కుతారా' అని అడిగే కాగితం మీదే, 'మీ డాబా మీదుగా రోజుకు ఎన్నిసార్లు పోనిస్తారు' అని కూడా అడగాలి. ఆ కాగితం ముందుగా బస్టాపులో నిలబడ్డవాళ్ళ చేతికి రావాలి.