మరచిన తల్లిని మరువని ధర్మము

తిరుమలకు ఆదివరాహక్షేత్రమని నామాంతరము. స్వామిపుష్కరిణీ తీరమున వెలసిన శ్రీ వరాహస్వామిని ముందుగా సేవించి, పిదప శ్రీనివాసుని దర్శించుట క్షేత్రసంప్రదాయము. ఆ వరాహమూర్తి భూదేవికొసగిన అభయము వరాహచరమశ్లోకమని ప్రసిద్ధి గాంచినది. మనస్సు స్వస్థముగానున్న కాలమున తన్ను తలచిన భక్తుడు అంత్యదశలో కట్టెవలె, రాతివలె పడియుండి తలపలేకపోయినను, వానిని తానే స్మరించి పరమగతికి చేర్చెదనని దాని తాత్పర్యము.

జీవుడు మరచినను దేవుడు మరువడు. ఈ అభయమున గృహస్థులకొక కర్తవ్యము ఇమిడియున్నది. వార్ధక్యమున తల్లిదండ్రులకు జ్ఞాపకశక్తి నశించినపుడు వారి పక్షమున స్మరింపవలసినవారు కన్నబిడ్డలే గదా!

భోజనము చేసి లేచిన తల్లి మరుక్షణమే అన్నము పెట్టలేదనును. పెంచిన కొడుకునే "ఎవరు నాయనా నీవు?" అని అడుగును. పుట్టినింటికి పోవలెనని సందెవేళ గడప దాటును. ఇది మొండితనము కాదు, చాదస్తము కాదు. మెదడునకు సోకిన వ్యాధి. ఇట్టి రుగ్మతలలో ప్రధానమైనదానిని 1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ మొదట వివరించెను. గాలి సోకినదని తాయెత్తు కట్టి ఊరకుండుట తగదు.

మతిమరపునకు కారణములు పెక్కు. బి12 విటమిను కొరత, థైరాయిడ్ గ్రంథి మాంద్యము, మనసు క్రుంగుట, కొన్ని మందుల ప్రభావము, జారిపడినపుడు తలలో పేరుకొనిన రక్తము — ఇవియు జ్ఞాపకమును చెరచును. సకాలమున గుర్తించినచో వీనిని చాలవరకు చక్కదిద్దవచ్చును. ఆల్జీమర్ వ్యాధిని పూర్తిగా మాన్పు ఔషధము నేటికిని లేదు. అయినను కొందరికి కొంతకాలము ఊరట నిచ్చు మందులు గలవు. కావున తొలిదశలోనే వైద్యుని సంప్రదింపవలెను. 1993లో తిరుపతిలో సేవలారంభించిన శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థలో నరముల వ్యాధులకు ప్రత్యేక విభాగమున్నది. చిత్తూరు ప్రాంతీయులకు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రి చేరువ. దేవస్థానమే తిరుపతి వైద్యసంస్థను నెలకొల్పినదనగా, మ్రొక్కునకు మందు విరోధి కాదని తెలియుచున్నది.

ఇంట సేవచేయువారు రోగితో వాదింపరాదు. తప్పు పట్టి నొప్పింపరాదు. ఉదయమున తిన్నదేమో చెప్పలేని తల్లి, చిన్ననాట నేర్చిన గోవిందనామములను తడబడక పలుకుట కలదు. ఆమెతో కూర్చుండి ఆ నామములు పలుకుటయు సేవయే. కొండకు తీసుకొనివచ్చినపుడు చేయి విడువరాదు. పేరు, ఊరు, ఫోను సంఖ్య వ్రాసిన చీటి ఆమె కొంగున ముడివేయవలెను. ఈ భారమంతయు ఒక్క కోడలిపైననో, ఒక్క కూతురిపైననో మోపక, అన్నదమ్ములు అక్కచెల్లెండ్రు పంచుకొనవలెను. తల్లిదండ్రుల పోషణ బిడ్డల బాధ్యతయని 2007 నాటి చట్టమును విధించుచున్నది.

చేసినవారెవరో యెరుగని తల్లికి చేసిన సేవ వ్యర్థము కాదా యని కొందరి సందేహము. కట్టెవలె పడియున్న భక్తునకు, తన్ను స్వామి స్మరించుచున్నాడని తెలియునా? తెలియదు. అయినను స్వామి స్మరించుట మానడు. గుర్తింపు కోరక చేసిన మాతృసేవ ఆ భగవత్స్మరణకు ప్రతిబింబము. అట్టి సేవలో అలసిన బిడ్డలకు ఆదివరాహస్వామి అండయై నిలుచుగాక!